పలక వెనక అయిదక్షరాలు

తలుపు మూసుకుంది. పక్కనున్న కార్డు మిషను మీద ఎర్రలైటు వెలిగింది.

"నాలుగూ యాభైకి వచ్చి నేనే తీస్తాను మేడమ్. కమిటీ అయిదుకి," అని తలుపు అద్దంలోంచి చెప్పి సురేంద్రనాథ్ వెళ్ళిపోయాడు.

రజనీకుమారి పిడి తిప్పి చూసింది. కదల్లేదు. రాయపూర్ దగ్గరి ఈ ఉక్కు ప్లాంటు ఊళ్ళో, సుపేలా బజార్లో కుట్టుమిషన్ల షాపు మీద ఆఫీసు పెట్టుకుని డిటెక్టివ్ పని మొదలుపెట్టాక ఆవిడ చూడని వింత లేదు. పెళ్ళికొడుకుల జీతాలు నిజమో కాదో కనుక్కోవడం దగ్గర్నుంచి స్క్రాపు దొంగల దాకా అన్నీ అయ్యాయి. కానీ అనుమానితురాలి తరఫున మాట్లాడ్డానికి వచ్చిన తననీ ఆమెతో పాటు లోపలేసి తాళం పెట్టిన మగాడు ఇంతవరకూ తగల్లేదు. ఒకప్పుడు ఎస్సైగా చేసి, ఇప్పుడీ యూనివర్సిటీకి విజిలెన్స్ ఆఫీసరైన సురేంద్రనాథ్‌కి ఆ గౌరవం దక్కింది.

"నా కార్డు నిన్ననే ఆపీసారు ఆంటీ. లోపలికొస్తే మళ్ళీ ఎవరో తీస్తేనే బయటికి," అంది ప్రసూన.

యూనివర్సిటీ స్టార్టప్ సెంటర్లో ఇది కొలిమిగది. కిటికీ లేదు. గోడలకి ఇనపరేకులు తాపడం చేశారు కాబట్టి ఫోన్లకి సిగ్నలూ లేదు, గోడకి ఇంటర్‌కామ్ ఉందంతే. ఎర్రగా వేడెక్కి ఉన్న ఒక చిన్న కరెంటు కొలిమి, ఒక ఇనపబీరువా, ఒక బల్ల, రెండు కుర్చీలు. మూలన ఒక కెమెరా. బల్ల మీద ఒక కాగితం, దానిమీద పెన్ను. ఆ కాగితం మీద ప్రసూన సంతకం పెట్టాలి.

ప్రసూన ఖుర్సీపార్ అనే తెలుగువాళ్ళ పేట పిల్ల. అమ్మమ్మ గున్నమ్మ దగ్గర పెరిగి, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. కరిగిన ఉక్కు మీద తెట్టు తేలుతుంది, ప్లాంటులో దాన్ని స్లాగ్ అంటారు. ఉక్కుని పోసేటప్పుడు ఆ స్లాగ్ కూడా కొంత జారిపోయి సరుకుని పాడుచేస్తుంది. ప్రసూన నాలుగేళ్ళు కిందామీదా పడి, కాల్చిన మట్టితో ఒక చిల్లుల పలక తయారుచేసింది. ఉక్కు దిగిపోతుంది, స్లాగ్ ఆగిపోతుంది. దానిమీద ఒక స్టార్టప్ పెట్టాలని ఆమె ఆశ. శివరాత్రికి ముందే యూనివర్సిటీ పేటెంట్ సెల్‌కి వివరాలన్నీ ఇచ్చింది. పేటెంటు దరఖాస్తు పడితే పలకని ధైర్యంగా నలుగురికీ చూపించవచ్చు, ప్లాంటువాళ్ళని ఒకసారి వాడి చూడమని అడగవచ్చు, పెట్టుబడి పెట్టేవాళ్ళ ముందు తలెత్తుకు కూర్చోవచ్చు. పడకముందే చూపిస్తే గాలికి వదిలేసినట్టే.

సెల్ మేనేజరు మనోజ్‌కుమార్ ఆ వివరాల్ని మూడు నెలలు కిందేసుకుని కూర్చున్నాడు. తీరా దరఖాస్తు పెట్టేసరికి, రాయపూర్‌లో నిన్నగాక మొన్న పుట్టిన ఒక కంపెనీ అచ్చం అదే పలకకి అంతకుముందే దరఖాస్తు పెట్టేసింది. ఇప్పుడు యూనివర్సిటీ అంటున్నదేమిటంటే, ప్రసూనే వాళ్ళది కాపీ కొట్టిందని. అయిదింటికి విచారణ కమిటీ కూర్చునేలోపు ఈ ఆవిష్కరణ నాది కాదని సంతకం పెడితే చదువు మిగులుతుంది. పెట్టకపోతే అదీ పోతుంది, పోలీసు కేసూ పడుతుంది.

"కెమెరా ఎవరు చూస్తారు?" అని అడిగింది రజనీకుమారి.

"డైరెక్టరు వెంకటరత్నంగారి గదిలో కనపడతాదట. మాట మాత్రం వినపడదట."

"చూడనీ. నీ పలకేదీ?"

ప్రసూన బీరువా తీసి ఒక గుండ్రటి పలక బల్ల మీద పెట్టింది. అన్నం పళ్ళెమంత ఉంది. పైనుంచి చూస్తే మామూలు చిల్లులే. పెన్ను దూర్చి చూస్తే తెలిసింది, చిల్లులు నిటారుగా లేవు, లోపలికి పోయేకొద్దీ ఏటవాలుగా తిరిగాయి. కిటుకంతా అందులోనే ఉందని ప్రసూన పొద్దున్నే చెప్పింది. రజనీకుమారి పలకని తిరగేసింది. వెనకవైపు, పచ్చిమట్టి మీద దేనితోనో గీసి కాల్చిన ఇంగ్లీషు పెద్దక్షరాలు అయిదున్నాయి. ఎస్, ఐ, బి, బి, ఐ.

ఆవిడ ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. తర్వాత నవ్వొచ్చేసింది. పొద్దున గున్నమ్మ మనవరాలి కోసం ఇడ్లీలు కట్టి తన చేతికిచ్చింది. ఆవిరి పోవాలని గిన్నె మీద గంజి వార్చే ఇత్తడి సిబ్బి మూతగా బోర్లించి, గుడ్డతో ముడేసింది. ఆ మూట ఇంకా తన సంచిలోనే ఉంది.

"సిబ్బి అని రాసేవా?"

"అమ్మమ్మ గంజి వారుస్తుంటే తట్టిన ఊహ కదా ఆంటీ. గంజి పోతాది, మెతుకు ఉండిపోతాది. పిన్నుతో గీసాను. తెలుగు మాట్టాడ్డమే గాని రాయడం రాదు. ప్లాంటువాళ్ళ సెక్టారు స్కూల్లో అంతా హిందీయే కదా."

"సెల్‌కి ఇచ్చిన వివరాల్లో ఈ మాట ఉందా?"

"ఎక్కడా లేదు. చిల్లుల ప్లేటని ఇంగ్లీషులో రాసాను. సిబ్బి అంటే నవ్వుతారని."

రజనీకుమారి సంచిలోంచి రాయపూర్ కంపెనీ దరఖాస్తు నకలు తీసింది. మూడో బొమ్మలో పలక మీదికి ఒక బాణం గుర్తు, దాని పక్కన అవే అయిదక్షరాలు ఉన్నాయి. అక్షరానికీ అక్షరానికీ మధ్య చుక్క పెట్టారు. ఏదో పెద్ద ఇంజినీరింగ్ మాటకి పొట్టిపేరు అనుకున్నారు పాపం. దీన్ని రాసినవాడు పలకని చేత్తో పట్టుకుని తిరగేసి చూశాడన్నమాట.

"ఈ గదికి కార్డులు ఎవరెవరికి ఉన్నాయి?"

"నాకు, మా గైడుకి, మనోజ్ సర్‌కి. గైడు ఏడాదై సెలవులో ఉన్నారు. మనోజ్ సర్ ఈ గది గడపే తొక్కలేదని కమిటీకి చెప్పీసారు. కార్డు మిషను కూడా అదే అంటోంది."

"మరి పలక ఎప్పుడైనా గడప దాటిందా?"

ప్రసూన కళ్ళు దించుకుంది. రజనీకుమారి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. లాయరు దగ్గరా డాక్టరు దగ్గరా దాచకూడదంటారు గాని, ఆ వరసలో తనలాంటివాళ్ళనీ చేర్చాలి.

"ఉగాదికి, ఆంటీ," అంది చివరికి. "మన తెలుగు సమాజంవాళ్ళు నాకు సన్మానం పెట్టారు. డైరెక్టరుగారే ముఖ్య అతిథి. పలక కూడా పట్టుకురమ్మని ఆయనే కబురెట్టారు. ఆ సాయంత్రం కొలిమిలో ఇంకో పలక కాలుతోంది, వదిలి వెళ్ళలేను. అమ్మమ్మ చేతికి ఇచ్చీసి పంపాను. నాకప్పుడు తెలీదు. దరఖాస్తు పడకముందు పదిమందిలో చూపించిన వస్తువుకి పేటెంటు రాదట. ఎవరికీ రాదు. రూల్సులో తర్వాత చదివాను."

"రాయపూర్‌వాళ్ళ దరఖాస్తు ఉగాదికి ముందా, తర్వాతా?"

"మూడు వారాలు తర్వాత."

ముందు నుయ్యి వెనక గొయ్యి అనే మాట రజనీకుమారి చాలాసార్లు వాడింది గాని, ఇంత కొలిచినట్టు అతికిన సందర్భం ఎప్పుడూ చూడలేదు. పలక ప్రసూనదేనని రుజువు చెయ్యాలంటే ఉగాది సభ సంగతి బయటపెట్టాలి. బయటపెడితే పలక ఎవరిదీ కాకుండా పోతుంది. పేరు నిలబెట్టుకోవాలంటే పనిని చంపుకోవాలి, పనిని దక్కించుకోవాలంటే దొంగ అనిపించుకోవాలి. ఆ పిల్ల ఇన్నాళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని ఎలా తిరిగిందో అనుకుంది.

లేచి ఇంటర్‌కామ్ తీసింది. "మనోజ్‌కుమార్‌గారిని ఒకసారి పంపండి. అమ్మాయి సంతకం గురించి మాట్లాడాలి."

సంతకం అనగానే మనోజ్‌కుమార్ రెండు నిమిషాల్లో వచ్చేశాడు. కార్డు పెట్టగానే పచ్చలైటు వెలిగింది, లోపలికొచ్చాక తలుపు మళ్ళీ మూసుకుంది. ముప్పై అయిదేళ్ళవాడు, ఇస్త్రీ నలగని నీలంచొక్కా. ఇంటిపేరు బొబ్బిలి వైపుది, నోట్లో ఉన్నది మాత్రం హిందీ.

"దేఖియే మేడమ్, అమ్మాయి భవిష్యత్తు ముఖ్యం. సంతకం పెడితే ఎవరికీ గొడవ ఉండదు," అన్నాడు హిందీలో.

"నేనూ అదే చెప్తున్నాను," అంది రజనీకుమారి, తనూ హిందీలోకి దిగి. "మీరు ఈ పలక ఎప్పుడైనా చూశారా?"

"లేదు. కాగితాలమీద చదివానంతే."

"రాయపూర్‌వాళ్ళెవరో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"నాకు చదువు తక్కువ బాబూ. వాళ్ళ దరఖాస్తులో ఒక మాట అర్థం కాలేదు. ఇదిగో, ఈ బాణం పక్కన. అమ్మాయిని అడిగితే ఏడుస్తోంది తప్ప చెప్పడం లేదు."

మనోజ్‌కుమార్ ఒక్క చూపు చూశాడు. చదువు తక్కువ ఆడవాళ్ళకి విడమరిచి చెప్పడమంటే కొందరికి మహా సరదా. "స్లాగ్ ఇంటర్‌ఫేస్ బారియర్ బ్లాక్ ఇన్సర్ట్. ఇండస్ట్రీలో అందరికీ తెలిసిన మాటే."

"అబ్బ, ఎంత బాగా చెప్పారు. ఈ దరఖాస్తులో అది ఏ పేజీలో ఉందో కూడా చూపించండి."

అతను పేజీలు తిప్పాడు. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"లేదు కదూ? నేనూ వెతికాను. ఎక్కడా విడమరిచి రాయలేదు. రాసినవాడి బుర్రలో తప్ప ఆ పొడుగుపేరు ఇంకెక్కడా లేదు."

"అంటే... ఊహించి చెప్పాను."

"అయిదుకి అయిదూ తడుముకోకుండా ఊహించారు," అంటూ రజనీకుమారి సంచిలోంచి మూట తీసి, ముడి విప్పి, చిల్లుల ఇత్తడి మూతని పలక పక్కన పెట్టింది. "ఇదేమిటో చెప్పండి."

"ఏదో గిన్నె మూత."

"సిబ్బి. మీ ఇంట్లో కుక్కరొచ్చి ఎన్నాళ్ళయిందో గాని, ఇంటికెళ్ళాక మీ అమ్మగారిని అడగండి. ఆవిడ వార్చిన గంజి ఎన్ని చెరువులుంటుందో. ఇది పొట్టిపేరు కాదు బాబూ, మన వంటింటి మాట. ఈ అమ్మాయికి తెలుగు అక్షరాలు రాక ఇంగ్లీషులో గీసింది, మీకు తెలుగు మాట రాక దానికి ఇంగ్లీషు పేరు అల్లారు."

మనోజ్‌కుమార్ నోరు తెరిచేలోపు తలుపు పచ్చలైటు వెలిగింది. సురేంద్రనాథ్ చేతిలో ఫోను పట్టుకుని, గెలిచినవాడి నడకతో లోపలికొచ్చాడు.

"మీ పార్టీ కథ అయిపోయింది మేడమ్," అన్నాడు రజనీకుమారితో. "ఉగాది సభలో యూనివర్సిటీ వస్తువుని పర్మిషన్ లేకుండా స్టేజీ మీద చూపించీసారు. సమాజంవాళ్ళ ఫొటోగ్రాఫరు దగ్గర వీడియో పట్టాను. అక్కడ చూసే రాయపూర్‌వాళ్ళు ఎత్తీసారు. రహస్యం బయటపెట్టింది ఈ అమ్మాయే. కమిటీ ముందు వేస్తాను."

ప్రసూన రజనీకుమారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది. దొంగని వదిలేసి, తలుపు తీసి ఉంచిందని ఇంటావిడని పట్టుకుంటారు," అంది రజనీకుమారి. "వీడియో అంతా చూశారా?"

"భోజనాల దగ్గర సౌండు లేకుండా కొంచెం చూసాను. ముసలమ్మ చేతిలో గుండ్రంగా చిల్లుల పలక, స్పష్టంగా ఉంది. ఇంకేటి చూడాలి?"

"అవసరం లేదు," అన్నాడు మనోజ్‌కుమార్ చటుక్కున. "వీడియోలూ గీడియోలూ ఎందుకు సర్? అమ్మాయి సంతకం పెట్టేస్తుంది. బస్."

రజనీకుమారి అతనివైపు తిరిగింది. ప్రసూన భయపడిందంటే అర్థం ఉంది. వీడికేం భయం? పదిమందిలో పలక చూపించిన మాట నిజమైతే, పేటెంటు పోతే పోనీ, దొంగతనం అనే మాటే ఉండదు కదా. బజార్లో పెట్టినది ఎవరైనా చూసి చేసుకున్నాం అంటారు. ఆ వీడియో వీడిని ఒడ్డున పడెయ్యాలి. అలాంటిది నీళ్ళు చూసిన పిల్లిలా వెనక్కి పోతున్నాడంటే, అందులో తనకీ ప్రసూనకీ తెలియనిది ఇంకేదో ఉంది.

"వెయ్యండి," అంది సురేంద్రనాథ్‌తో. "సౌండుతో సహా."

"వద్దాంటీ," అంది ప్రసూన. "కెమెరా ఉంది. ఒక్కసారి బయటపడితే నాలుగేళ్ళ కష్టం పోతాది. నేను సంతకం పెట్టీస్తాను."

రజనీకుమారికీ భయంగానే ఉంది. తన లెక్క తప్పితే ఈ పిల్లని తన చేత్తోనే ముంచినట్టు. కానీ మెదలకుండా కూర్చుంటే అయిదు గంటలకి ఎలాగూ మునిగిపోతుంది. "నన్ను నమ్మవే తల్లీ," అని, తనే చెయ్యి చాపి తెర మీద నొక్కింది.

ఖుర్సీపార్ హాలు, రంగుకాగితాల తోరణాలు, వేదిక మీద కుర్చీల వరస. మైకు ముందు గున్నమ్మ నిలబడింది. చేతిలో గుండ్రంగా ఏదో మెరుస్తోంది. సురేంద్రనాథ్ ఫోను మీదికి వంగాడు.

"నా మనవరాలు సేసింది ఇదేనర్రా," అంది ఫోనులో గున్నమ్మ. "సిబ్బి. గంజి ఎలిపోద్ది, మెతుకు ఉండిపోద్ది. దాని కొలిమికాడా ఇలాగే సేత్తాదట."

హాలంతా నవ్వులు. పక్కనున్న కార్యదర్శి మైకులో, "అమ్మమ్మా, అసలు పలక సంచిలో ఉంది కదా, అది చూపించండి," అన్నాడు.

"అది ఇంకా సగం పనే గదా బాబూ. కడుపులో ఉన్న బిడ్డని సూపించమన్నట్టుంది. ఇంతమంది కళ్ళు పడితే దిష్టి కొట్టీదా? పూర్తయ్యాక అదే సూపిస్తాది. అందాకా ఇంటి సిబ్బి సూసుకోండి."

ప్రసూన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇందాకటిదాకా పట్టుకున్న ఏడుపు ఇప్పుడు వచ్చింది, దానితో పాటే నవ్వూ వచ్చింది. "నాకు చెప్పనేలేదు. చూపించీసాను అంది," అని మళ్ళీ మళ్ళీ అంది.

"చూపించింది కదా మరి, సిబ్బిని," అంది రజనీకుమారి. బల్ల మీది ఇత్తడి మూతని సురేంద్రనాథ్ ముందుకి జరిపింది. "మీ చిల్లుల పలక ఇదిగో. నిటారు చిల్లులు. మా అమ్మాయి ఏటవాలు చిల్లు ఆ హాల్లో ఒక్కరు కూడా చూడలేదు. కానీ దాని పేరు మాత్రం ఉగాదినాడే రెండొందలమంది విన్నారు. రాయపూర్‌వాళ్ళ కన్నా మూడు వారాల ముందు."

సురేంద్రనాథ్ సిబ్బిని చేతిలోకి తీసుకున్నాడు. "మా అమ్మకాడా ఉండీది," అన్నాడు.

"ఇక ఆపండి," అంటూ మనోజ్‌కుమార్ ఫోను లాక్కోబోయాడు. సురేంద్రనాథ్ పోలీసు చెయ్యి ఇంకా పోలీసు చెయ్యే. అతన్ని గోడకి ఆనించి పట్టుకుని, "ఉండవయ్యా, ఇంకా నడుస్తోంది," అన్నాడు.

వీడియోలో గున్నమ్మ ఇంకా మైకు వదల్లేదు, మనవరాలి చిన్నప్పటి కబుర్లు చెబుతోంది. జనమంతా ఆవిడనే చూస్తున్నారు. వెనక వేదిక మీది వరసలో ఆవిడ ఖాళీ కుర్చీ కింద గుడ్డసంచి ఉంది. పక్క కుర్చీలోని పెద్దమనిషి వంగి, ఆ సంచి తీసి, వెనక నిలబడ్డ నీలంచొక్కాకి అందించాడు. నీలంచొక్కా పలకని బయటికి తీసి, ఇటూ అటూ తిప్పి, వెనకవైపు ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. తర్వాత చిల్లుల్లోకి లైటు వేసి ఇంకొకటి తీశాడు.

నీలంచొక్కా ఎవరో అడగక్కర్లేదు. గోడకి ఆని ఉన్నాడు. సంచి అందించిన పెద్దమనిషి మెడలో ముఖ్య అతిథికి వేసిన దండ ఇంకా అలాగే ఉంది.

"మా డైరెక్టరుగారు," అన్నాడు సురేంద్రనాథ్.

పలక పట్టుకురమ్మని కబురుపెట్టిందీ ఆయనే. అయిదు గంటల కమిటీకి పెద్దా ఆయనే. రాయపూర్ కంపెనీ వెనకున్నదీ ఆయనేనన్నమాట. తెలుగువాడు, ఆ దరఖాస్తు ఒక్కసారి చదివి ఉంటే ఆ చుక్కలు చూసి నవ్వుకుని చెరిపేసేవాడు. పెద్దవాళ్ళు చదవకుండా సంతకాలు పెడతారు. రజనీకుమారి తలెత్తి మూలనున్న కెమెరాని చూసింది. దాని ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.

"తలుపు తియ్యండి. ఫోను ముందు సిగ్నలున్న చోటికి పోవాలి," అంది.

సురేంద్రనాథ్ కార్డు పెట్టాడు. ఎర్రలైటు. తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎర్రలైటే. మనోజ్‌కుమార్ జేబులోంచి కార్డు లాగి అదీ పెట్టాడు. అదీ అంతే.

ఇంటర్‌కామ్ మోగింది. రజనీకుమారి తీసింది.

"ఆ వీడియో ఇప్పుడు సురేంద్రనాథ్ ఫోన్లో తప్ప ఎక్కడా లేదు రజనీకుమారి గారూ," అంది అటునుంచి ఒక మెత్తటి గొంతు, చక్కటి తెలుగులో. "దాని సంగతి అతను నాకు చెప్పగానే ఫొటోగ్రాఫరు దగ్గరున్నది తీయించేశాను. పక్కన కొలిమి వేడిగానే ఉందనుకుంటాను. ఫోను అందులో పడేసి, అమ్మాయి చేత సంతకం పెట్టించండి. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మనోజ్‌ని కంగారుపడొద్దని చెప్పండి."

ఆవిడ ఆ మాటల్ని ఉన్నదున్నట్టు మిగిలిన ముగ్గురికీ చెప్పింది. సురేంద్రనాథ్ తన చేతిలో ఫోనువైపు, పనికిరాని కార్డువైపు చూసుకున్నాడు. "ఏటి మేడమ్, నన్ను కూడా లోపలేసీసాడా," అన్నాడు.

ప్రసూన కళ్ళు తుడుచుకుంది. బల్ల మీది కాగితం తీసుకుంది, పెన్ను ముట్టుకోలేదు. కాగితాన్ని సన్నగా చుట్టి, కొలిమికి లోపలి పలక చూసుకునే కన్నం ఉంటే, కెమెరాకి బాగా కనిపించేలా పక్కకి జరిగి, అందులోకి తోసింది. ఒక్క క్షణం మంట పైకి లేచి తగ్గిపోయింది.

కొంతసేపటికి, ఇకమీదట జరిగేది ఎక్కడా నమోదు కాకూడదన్నట్టు కెమెరా ఎర్రచుక్క ఆరింది. తర్వాత గదిలో లైట్లు ఆరాయి, గాలి లాగే ఫ్యాను ఆగిపోయింది. చీకట్లో కొలిమి కన్నం ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది, తలుపు అవతల ఎవరివో రెండు జతల బూట్లు వచ్చి ఆగాయి.